మూడు కాళ్ళ కప్ప, మూసిన కిటికీ

“ఇంతకీ నువ్వు అమ్మేదేంటయ్యా?”

అడిగినవాడు బిల్డింగు కాంట్రాక్టరు. అడిగించుకున్నవాడు సగం లేచిన ఇంట్లో, రెక్కలింకా బిగించని కిటికీ ఎదురుగా, వెలిగించిన అగరొత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొగ ఎటు పోతుందో చూస్తున్నాడు. పని ఆగిపోయింది. కూలీలు సిమెంటు బస్తాల మీద చతికిలబడి తమాషా చూస్తున్నారు.

“ఏమీ అమ్మను. చూస్తాను.”

“చూసినందుకు డబ్బులా? పొద్దుట్నించీ నేనూ నిన్నే చూస్తున్నా. మరి నాకెవరిస్తారు?”

కూలీలు పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వి, వంటగది కిటికీని పక్క గోడకి మార్చమన్నాడు. ఇక్కడే ఉంచితే పొయ్యి మీది పొగంతా పడగ్గదిలోకి వస్తుందన్నాడు. ఇంటి యజమాని తలూపాడు కాబట్టి కాంట్రాక్టరు తిట్టుకుంటూనే మార్చాడు.

అప్పటికే అతన్ని అందరూ గాలాయన అనేవారు. చేసే పని ఫెంగ్ షుయ్. ఆ విద్య పుట్టిన భాషలో ఆ రెండు మాటలకీ అర్థం గాలీ, నీళ్ళూ అని. జనం పిలవడానికి బరువని నీళ్ళు ఒలకబోసేసి గాలి ఒక్కటీ ఉంచుకున్నారు. గౌరవంతో అన్నవాళ్ళు కొందరు, ఈయన చెప్పేదంతా గాలి కబుర్లేనన్న అర్థంలో అన్నవాళ్ళు ఇంకొందరు. ఆయన రెండు రకాలవాళ్ళకీ ఒకేలా పలికేవాడు.

గాలాయన కథలో చెప్పుకోవాల్సిన భాగం నిజానికి ఒక స్నానాలగది కిటికీ. పుస్తకమంత కిటికీ. ఆ కిటికీ తెరిచి ఉండాలని ఆయన నోరు చెప్పింది, మూసి ఉంచాలని ఆయన ఫోటో చెప్పింది. ఆ ఇంటివాళ్ళు ఏ మాట విన్నారన్నదే ఈ కథ. దానికి ముందు ఆయన ఈ పనిలోకి ఎలా వచ్చాడో కొంత తెలియాలి.

ఆయనకి ఈ విద్య నేర్పింది శవపేటికలు చేసే ముసలాయన. సముద్రం దాటి వచ్చి, రేవు పక్క సందులో దుకాణం పెట్టుకున్నాడు. గాలాయన అక్కడ వడ్రంగం నేర్చుకోవడానికి చేరాడు. పెట్టె కొనడానికి వచ్చినవాళ్ళు పెట్టెతోపాటు, పాతిపెట్టడానికి మంచి చోటు కూడా చూపించమని అడిగేవాళ్ళు. ముసలాయన గోడకి తగిలించిన చెక్క పళ్ళేన్ని తీసుకుని బయల్దేరేవాడు. దాని నడుమ అయస్కాంతపు ముల్లు, చుట్టూ వలయాలు వలయాలుగా అక్షరాలు. శ్మశానంలో తిరిగి, గడ్డి రంగు చూసి, మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపి, గాలి కొట్టే వైపు చెంప పెట్టి, ఎక్కడో ఒకచోట కర్ర గుచ్చేవాడు. నీళ్ళు చేరకూడదు, గాలి కోసెయ్యకూడదు. చచ్చినవాళ్ళకి కావలసినవే బతికున్నవాళ్ళకీ కావాలని ఆయన లెక్క. కాకపోతే బతికున్నవాళ్ళు ఫిర్యాదులు చేస్తారు, అంతే తేడా.

ఇదంతా గొప్ప ప్రాచీన విజ్ఞానమని కళ్ళు మూసుకుని చేతులు జోడించనక్కర్లేదు. ఆ చెక్క పళ్ళెం మీది అక్షరాల్లో సగం, పుట్టిన సంవత్సరాన్ని బట్టి మనిషి ఎటు తలపెట్టి పడుకోవాలో చెప్పే చాదస్తం. అది కూడా ముసలాయన నేర్పాడు, గాలాయన నేర్చుకున్నాడు. ఒక పంతులమ్మగారి మంచాన్ని గదిలో అడ్డదిడ్డంగా తిప్పించి, ఆవిడ రోజూ మోకాలు కొట్టుకునేలా చేసిన ఘనత కూడా ఆయనదే. అయితే ఆ చాదస్తం వెనక ఒక పద్ధతి ఉంది. మనిషి ఆ చోటికి వెళ్ళాలి. నిలబడాలి. ఎవరు ఎక్కడ పడుకుంటారో, ఎక్కడ వండుతారో అడగాలి. అరచేతి వెనక భాగంతో గోడని మోకాలి ఎత్తులో తడిమి చెమ్మ చూడాలి. చివరికి చెప్పేది ఏదైనా ఒకటి జరపమనో, తెరవమనో, మూయమనో అయ్యుండాలి. ఆ ఇంట్లో లేని వస్తువేదీ ఆ ఇంట్లోకి రాకూడదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది, మరీ విచిత్రమైనది. డబ్బు ముందు తీసుకోకూడదు. ఇల్లు ఒక వానాకాలం చూడాలి. వానలు దాటాక ఆ ఇంట్లో అందరూ కులాసాగా ఉంటే అప్పుడు ఇస్తారు. లేకపోతే లేదు.

“అదేంటండీ, చూసింది ఇవాళైతే ఎప్పుడో ఇవ్వడం?” అని గాలాయన కొత్తలో అడిగాడు.

“ఒరేయ్, గోతిలోకి నీళ్ళొస్తాయో రావో వాన పడితేగానీ తెలీదు. అందాకా నువ్వు చెప్పింది నీ ఊహ. ఊహకి డబ్బు పుచ్చుకుంటావా?” అన్నాడు ముసలాయన, రంపానికి పళ్ళు తీస్తూ.

ముసలాయన పోయాక చెక్క పళ్ళెం, ఆ పద్ధతి రెండూ గాలాయనకి దక్కాయి. పళ్ళేన్ని అమ్మితే ఎంతో కొంత వచ్చేది. పద్ధతి వల్ల వచ్చింది మాత్రం ఆకలి. వానలు దాటాక పిలిచి ఇచ్చినవాళ్ళు కొందరైతే, ఎదురుపడితే రోడ్డుకి అటువైపు దాటిపోయినవాళ్ళు చాలామంది.

“వాన వెలిశాక వీళ్ళ జ్ఞాపకశక్తి కూడా వెలిసిపోతుందేమోనండీ” అనేది ఆయన భార్య. ఆవిడ మాటల్లో చమత్కారం ఎప్పుడూ ఉండేది, అద్దె కట్టాల్సిన వారంలో మరీ పదునెక్కేది. “మీరు నేర్చిన విద్య పేరుకి తగ్గట్టే ఉంది. గాలి తిని నీళ్ళు తాగి బతకమని!”

అలా బతుకుతుండగా ఇళ్ళు మారిపోయాయి. విడి ఇళ్ళు పోయి అంతస్తులొచ్చాయి. ఒకే అచ్చులో పోసిన గదులు, ఒకే చోట కిటికీలు, ఒకే చోట తూములు. గాలాయన వెళ్ళి “ఈ తలుపు అటు మార్చండి” అంటే, “మార్చడానికి మాదా ఇల్లు? మేకు కొడితేనే ఓనరు మీదకొస్తాడు” అనేవాళ్ళు. ఇది ఆయన శిష్యరికంలో ఎవరూ చెప్పని సంగతి. గోడ జరపమనే విద్య గోడ ఉన్నవాడికే పనికొస్తుంది. అద్దెకున్నవాడికి తలుపూ కిటికీ ఎవరిదో దయ. అదృష్టం మాత్రం అతనికీ కావాలి. గోడ జరపలేనివాడు బల్ల మీద పెట్టుకునే బొమ్మ కొనుక్కుంటాడు. తాయెత్తుల వ్యాపారం మూఢత్వం మీద నడుస్తుందని చదువుకున్నవాళ్ళు తేలిగ్గా తీసిపారేస్తారు గానీ, అది ముఖ్యంగా అద్దె ఇళ్ళ మీద నడుస్తుంది.

ఈ సంగతి కనిపెట్టినవాడు గాలాయన మేనల్లుడు. సెల్‌ఫోన్ కవర్లు అమ్మి నష్టపోయి, ఈసారి బొమ్మల దుకాణం తెరిచాడు. నాణెం నోట కరుచుకున్న మూడు కాళ్ళ కప్ప, పొట్ట ఊపుతూ నవ్వే బట్టతల బొమ్మ, ఇనప గొట్టాల గంటలు, గాజు సీసాలో మూడు వెదురు పుల్లలు, ఎర్ర దారానికి గుచ్చిన ఇత్తడి నాణేలు. కప్ప కథ పాతదే, గాలాయన కూడా ముసలాయన నోట విన్నాడు. దాన్ని డబ్బాలో పెట్టి వాయిదాల మీద అమ్మడం మేనల్లుడి కాలంలో వచ్చింది.

“మావయ్యా, జనానికి గోడ జరిపే స్తోమత లేదు. కప్పని జరిపే స్తోమత ఉంది” అన్నాడు మేనల్లుడు.

“కప్పని జరిపితే ఏమవుతుందిరా?”

“ఏమీ కాదు. అదే కదా అందులో మంచితనం! నువ్వు కిటికీ మార్పిస్తే, తేడా వచ్చిందంటే నీ పీక మీదకొస్తారు. కప్ప ఎవరి పీకా పట్టుకోదు.”

దుకాణంలో కుర్చీ వేస్తానన్నాడు. నెలనెలా ఇంత అని ఇస్తానన్నాడు. గాలాయన చేయాల్సిందల్లా కూర్చోవడం, చెక్క పళ్ళేన్ని అద్దాల బీరువాలో అందరికీ కనిపించేలా పెట్టనివ్వడం, ఒక ఫోటో దిగడం. ఫోటో కోసం ఎవరిదో నల్లకోటు తెచ్చి తొడిగారు. భుజాల దగ్గర వదులైతే వీపు వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించారు. ఫోటోలో మాత్రం గాలాయన ఏ బ్యాంకుకో యజమానిలా వచ్చాడు. భార్య చూసి, “ఈయనెవరో నాకు ముందే దొరికుంటే బావుండేది” అంది.

ఆ ఫోటో ప్రతి డబ్బా మీదా, డబ్బాలో పెట్టే సూచనల కాగితం మీదా అచ్చయింది. ‘గురువుగారి అనుభవసారం’ అని పైన పెద్దక్షరాలు. ఆ సారాన్ని రాసింది ప్రెస్సులో అక్షరాలు కూర్చే ఒకతను, నాలుగైదు దుకాణాల కాగితాలు ముందేసుకుని. అచ్చుకి పోయే ముందు మేనల్లుడు మావయ్యకి చదివి వినిపించాడు. కప్ప ఎటు చూడాలి, గంటలు ఎక్కడ కట్టాలి, ఇవన్నీ గాలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. ఒక్కచోట తల తిప్పాడు.

“స్నానాలగది కిటికీ ఎప్పుడూ మూసి ఉంచాలి. నీళ్ళతోపాటు ధనం కూడా అందులోంచే బయటికి పోతుంది.”

“ఇది తప్పురా. ఆ గదికే ముందు గాలి కావాలి.”

“అన్ని షాపులవాళ్ళూ వేస్తున్నారు మావయ్యా. మనం వెయ్యకపోతే మనకి తెలీదనుకుంటారు.”

“తప్పని చెప్తున్నాను కదా.”

“కిటికీ మూసుకుంటే ఎవరికేం పోతుంది? మహా అయితే కాస్త బూజు పడుతుంది. ఇంతకీ అత్త చెప్పింది, అద్దె ఈ వారమేనటగా?”

గాలాయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. కాగితం అచ్చుకి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి ఆ దుకాణంలోకి ఒక దర్జీ ఆవిడ వచ్చింది. మెడలో టేపు, జాకెట్టు చేతికి రకరకాల దారప్పోగులు. స్కూలు యూనిఫారాలు కుట్టి ఇస్తుంది. భర్త బేకరీలో బట్టీ దగ్గర పని. ఇద్దరూ కలిసి రెండో కుట్టుమిషను కొనాలని చూస్తున్నారు. ఒక మనిషిని పెట్టుకోవచ్చని ఆవిడ ఆశ. ఎంత కూడబెట్టినా ఏదో ఒక ఖర్చొచ్చి ఊడ్చుకుపోతోంది. “డబ్బు నిలవడానికి ఏదైనా ఉందా?” అని అడిగింది. మేనల్లుడు కప్ప, గంటలు, వెదురు కలిపి సెట్టుగా చూపించాడు. ఆవిడ ధర విని వెనక్కి తగ్గితే వాయిదాలన్నాడు. ఆవిడ డబ్బా మీది ఫోటోనీ, కుర్చీలో కూర్చున్న మనిషినీ మార్చి మార్చి చూసింది.

“మీరేనా బాబాయ్‌గారూ?”

“నేనే.”

“కోటు లేకపోతే గుర్తుపట్టలేదు” అని నవ్వి, డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. గాలాయన ఆమెని ఇల్లెక్కడని కూడా అడగలేదు. దుకాణంలో అడిగే అలవాటు లేదు.

చలి మొదలయ్యాక, వాయిదా కట్టడానికి వచ్చినప్పుడు ఆవిడ మొహంలో నవ్వు లేదు.

“మిషను సంగతి తర్వాత. ఈయనకి తలనొప్పి పట్టుకుంది. స్నానం చేసి వస్తే చాలు, కళ్ళు తిరుగుతున్నాయంటారు, ఓ గంటసేపు మంచం దిగరు. కప్ప దిశ తప్పిందేమో చెప్పండి.”

“ఎటు చూస్తోందమ్మా? గుమ్మం వైపా?” మేనల్లుడు అప్పుడే గల్లాపెట్టె మూశాడు. “అయ్యో, లోపలికి చూడాలి!”

గాలాయన కుర్చీలోంచి లేచాడు. “స్నానం చేసినప్పుడేనా? మిగతా అప్పుడు లేదా?”

“స్నానం తర్వాతే.”

ఆయన బీరువాలోంచి చెక్క పళ్ళెం తీసుకోలేదు. అగరొత్తుల కట్టలోంచి ఒకటి లాగి, అగ్గిపెట్టె జేబులో వేసుకుని, “పద చూద్దాం” అన్నాడు. మేనల్లుడు వెనకనించి ఏదో అన్నాడు. వినిపించుకోలేదు.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మిషను, మడతలు పెట్టిన నీలం రంగు బట్ట, గుమ్మం పక్క స్టూలు మీద కప్ప. వెనక గదిలో బట్టీ మనిషి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కనుబొమల్లో పిండి ఇంకా పోలేదు. ఆ గదికి ఆనుకుని స్నానాలగది, లోపల గోడకి గ్యాసు హీటరు. దానికి పొగ పోయే గొట్టం లేదు. ఇంటి ఓనరు చవకలో తెచ్చి బిగించాడు. పైన పుస్తకమంత కిటికీ, దాని చుట్టూ ముదురు రంగు టేపు, గాలి చొరబడనంత శుభ్రంగా. కుట్టుపని తెలిసిన చేతులు అతికించిన టేపు అది.

గాలాయన నీళ్ళు వదిలి హీటరు వెలిగించాడు. మంట నీలంగా మొదలై, చూస్తూండగానే పసుపుపచ్చగా మారింది. తలుపు దగ్గరికి వేసి, అగరొత్తి వెలిగించి పట్టుకున్నాడు. పొగ పైకి లేచి, ఎటు పోవాలో తెలియనట్టు అక్కడక్కడే ముసిరింది.

“ఈ కిటికీ ఎవరు మూశారు?”

“మీరే కదా మూయమన్నారు!”

“నేనా?”

ఆవిడ లోపలికెళ్ళి సూచనల కాగితం తెచ్చి చూపించింది. నల్లకోటు గాలాయన కాగితంలోంచి నిబ్బరంగా చూస్తున్నాడు. ఎదుట నిలబడ్డ గాలాయన ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

“అది నేను రాసింది కాదమ్మా.”

“బొమ్మ మీదేగా?”

“బొమ్మ నాదే. మాట నాది కాదు.”

మంచం మీదినించి బట్టీ మనిషి అందుకున్నాడు. “అయితే ఇద్దరు గురువుగార్లున్నారన్నమాట. ఒకాయన కోటేసుకున్నాడు, ఒకాయన వేసుకోలేదు. నన్నడిగితే కోటాయన మాటే వింటా. ఆయనకి డబ్బు కూడా కట్టాం!”

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే గాలాయన గోళ్ళతో టేపు పీకాడు. చల్లగాలి ఒక్కసారి లోపలికొచ్చి పొగని ఊడ్చేసింది. మంట మళ్ళీ నీలంగా మారింది. ఇద్దర్నీ పిలిచి చూపించాడు. మూసిన గదిలో ఆ మంట గాలినంతా తాగేస్తుందని, తర్వాత అది వదిలేది విషమని, దానికి వాసన కూడా ఉండదని చెప్పాడు. “చలేసినా సరే, వానొచ్చినా సరే. ఇది తెరిచే ఉండాలి. ఓనరు చేత గొట్టం పెట్టించండి.”

“సరే బాబాయ్‌గారూ. మీకేమివ్వాలి?”

“వానలు దాటాక. అందరూ కులాసాగా ఉంటే అప్పుడు.”

ఆవిడకి అర్థం కాలేదు. భర్త మొహంలో చిన్న అనుమానం కదిలింది. ముందు డబ్బు తీసుకోని మనిషి తన మాట మీద తనకే గట్టి నమ్మకం లేనివాడు అయ్యుంటాడని ఇవాళ్టి రోజుల్లో ఎవరైనా అనుకుంటారు. ముసలాయన పద్ధతి ఏ నమ్మకం కోసం పుట్టిందో, సరిగ్గా ఆ నమ్మకాన్నే అది చెడగొట్టింది.

దుకాణానికి తిరిగొచ్చి గాలాయన ఎప్పుడూ లేనంత గట్టిగా అరిచాడు. కాగితాల కట్ట ముందేసుకుని, పెన్నుతో ఆ ఒక్క వాక్యం కొట్టేస్తూ కూర్చున్నాడు. మేనల్లుడు కాసేపు చూసి, కట్టని నెమ్మదిగా అవతలికి లాగాడు.

“కొట్టివేతలున్న కాగితం డబ్బాలో పెడితే పాత సరుకనుకుంటారు మావయ్యా. వచ్చే అచ్చులో తీసేద్దాం. నా మాట నమ్ము.”

నమ్మాడు. లేదా నమ్మినట్టు కూర్చున్నాడు. బయటినించి చూస్తే రెండిటికీ తేడా కనపడదు.

తర్వాత ముసురు పట్టింది. ఆ కిటికీ గాలివాటున ఉంది. జల్లు తిన్నగా లోపలికి కొట్టేది. బట్టీ దగ్గర సెగలో పనిచేసి వచ్చిన మనిషికి ఆ చలి భరించరానిది. భార్య వారించింది. “తలనొప్పి తగ్గింది కదా, ఇంకేంటి?” అన్నాడతను. పైగా కిటికీ తెరిచిన వారంలోనే బేకరీలో ఓవర్‌టైం ఆగిపోయింది. ధనం పోతుందన్న కాగితం, ఒళ్ళు కొరికే చలి, రెండూ ఒకే మాట చెబుతుంటే, ఇంకోమాట చెప్పింది కోటు లేని మనిషి ఒక్కడు. అతనే కొత్త టేపు తెచ్చి, భార్య బజారుకెళ్ళినప్పుడు అతికించాడు.

ఆ ఉదయం పనినించి వచ్చి స్నానానికి వెళ్ళాడు. ఆవిడ ముందు గదిలో యూనిఫారాలకి కాలర్లు వేస్తోంది. మిషను చప్పుడులో నీళ్ళ చప్పుడు కలిసిపోయింది. మిషను ఆపి దారం మార్చేటప్పుడు నీళ్ళ చప్పుడు ఇంకా వస్తూనే ఉందని గమనించింది. పిలిచింది. మళ్ళీ పిలిచింది. పక్కింటివాళ్ళు వచ్చి తలుపు బద్దలుకొట్టే సరికి హీటరు ఇంకా వెలుగుతూనే ఉంది. మంట పసుపుపచ్చగా ఉంది.

గ్యాసు కంపెనీ మనిషి వచ్చి చూసి, “కిటికీ మూసుకుని స్నానం చేస్తారా ఎవరైనా? చదువులేని జనం!” అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఇంటి ఓనరు, టేపు వేసింది తను కాదని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. దుకాణం పేరు ఎవరి నోటా రాలేదు. మేనల్లుడు రెండు రోజులు బెంగగా తిరిగి, ఎవరూ అడగటం లేదని తెలిశాక తేలికపడ్డాడు. “పాపం, హీటరు నాసిరకం” అన్నాడు. దుకాణానికొచ్చిన ఒకావిడైతే కప్పని గుమ్మం వైపు తిప్పి పెట్టుంటారని తేల్చి, తన కోసం ఇంకోటి కొనుక్కుంది.

గాలాయన ఆ ఇంటికి వెళ్ళాడు. దర్జీ ఆవిడ కుడుతోంది. సెలవులయ్యి బడులు తెరిచేలోపు యూనిఫారాలు ఇచ్చెయ్యాలి. దుఃఖానికి గడువు పెంచే స్కూలు ఎక్కడా లేదు. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. స్టూలు మీద కప్ప అలాగే ఉంది. ఆవిడ కాలు ఆపకుండానే అడిగింది.

“రెండిట్లో ఏది మీ మాట బాబాయ్‌గారూ?”

తప్పించుకోవడానికి దారి ఉంది. రెండోదే నా మాట అనొచ్చు. అది నిజం కూడా. ఆయన అలా అనలేదు.

“రెండూ నావే. మొదటిదాన్ని అచ్చుకి ముందే విన్నాను. తప్పని తెలుసు. గట్టిగా ఆపలేదు.”

మిషను ఆగింది. ఆవిడ దారం తెంపి, కుట్టిన కాలరు వెలుతురుకి పట్టి చూసుకుంది.

“ఆయన వేళాకోళానికి అన్నారనుకున్నా. కోటాయన మాటే వింటానని.”

మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది. తిట్టుంటే ఆయనకి కొంత సులువయ్యేది.

ఆ తర్వాత గాలాయన దుకాణంలో కూర్చోవడం మానేశాడు. డబ్బా కొన్న ఇళ్ళకి తిరగడం మొదలుపెట్టాడు. ఎవరెవరు కొన్నారో మేనల్లుడు చెప్పనన్నాడు కాబట్టి గుమ్మాల పక్క గంటలు చూసుకుంటూ వెళ్ళేవాడు. గంటలు కనిపించిన తలుపల్లా తట్టేవాడు. “స్నానాలగది కిటికీ ఒకసారి చూడాలమ్మా” అనేవాడు. తెలియని ముసలివాడొచ్చి స్నానాలగది చూస్తానంటే ఎవరు రానిస్తారు? తలుపు సందులోంచే అడిగేవాళ్ళు: “ఏం అమ్ముతున్నారు?”

“ఏమీ అమ్మట్లేదు.”

“అయితే ఎందుకొచ్చారు?” అని తలుపు వేసేవాళ్ళు. అమ్మడానికి రానివాడంటేనే వాళ్ళకి భయం.

ఒక ఇంట్లో మాత్రం గుర్తుపట్టారు. ఆ ఇల్లాలు సంబరపడిపోయి, కుర్చీ వేసి, డబ్బా మీది ఫోటో పక్కన సంతకం పెట్టమంది. ఆయన స్నానాలగదిలోకి వెళ్ళి టేపు పీకి, ఎందుకో చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా తలూపింది. గుమ్మం దాకా సాగనంపుతూ, “అవును గురువుగారూ, ఇప్పుడు కిటికీ తీశాం కదా, ధనం పోకుండా దానికి ఏం కట్టమంటారు?” అని అడిగింది.

ఆయన మెట్లు దిగి, కిందికొచ్చి, ప్రహరీ గోడ మీద కూర్చుండిపోయాడు.

మేనల్లుడికి కబురందింది. ఇంటికొచ్చి మరీ గొడవపడ్డాడు. “నా కస్టమర్ల ఇళ్ళకెళ్ళి నా సరుకు తప్పంటావా మావయ్యా? ఈ నెలనించి నీకివ్వడం నావల్ల కాదు.”

“ఇవ్వొద్దు. నా ఫోటో తీసెయ్.”

“ఉన్న డబ్బాలు అయిపోనీ.”

“అవి ఎప్పటికి అవుతాయి?”

“నువ్వు ఇళ్ళు తిరగడం మానేస్తే తొందరగా అవుతాయి” అన్నాడు మేనల్లుడు. గాలాయన భార్య నోరు తెరిచింది గానీ, ఆవిడకి ఆ రోజు చమత్కారమేదీ తట్టలేదు. “నీ కప్పలు నువ్వు ఉంచుకుని, ఈయన పళ్ళెం ఈయనకిచ్చెయ్యి నాయనా” అని మాత్రం అంది. చెక్క పళ్ళెం ఇంటికొచ్చింది. ఆవిడ దాన్ని కూరగాయల బుట్ట మీద మూతగా పెట్టింది. ఆయన వద్దనలేదు.

ఇప్పుడు గాలాయన మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. ఇరుగుపొరుగుకి స్టూళ్ళూ, తలుపు గడియలూ బాగుచేసి పెడతాడు. డబ్బు అప్పటికప్పుడే పుచ్చుకుంటాడు. ఇల్లు చూడమని ఎవరైనా అడిగితే వినపడనట్టు ఊరుకుంటాడు. దుకాణం పెద్దదైంది. కొత్త అచ్చులో ఆ వాక్యం తీసేశారు. ఫోటో ఉంది.

శవపేటికల ముసలాయన పద్ధతి ప్రకారం ఆ ఇంటినించి గాలాయనకి రావాల్సింది ఏమీ లేదు. వానలు దాటాయి, ఇంట్లో అందరూ లేరు. దుకాణం పద్ధతి వేరు. మూడు కాళ్ళ కప్ప సెట్టు మీద దర్జీ ఆవిడ ఇంకా రెండు వాయిదాలు బాకీ.